ఆంగ్లో-సాక్సనుల స్వర్ణనిధులు - లోహశిల్పము

ఒక జాతి తన చరిత్రను తాను వ్రాసికొననిచో ఇతరులు వ్రాసినదే ప్రమాణమై నిలుచును. ఇంగ్లండు దేశపు తొలి చరిత్రకు చిరకాలము ఈ గతియే పట్టినది. క్రీ. శ. 410 ప్రాంతమున రోమనుల పరిపాలన బ్రిటను ద్వీపమునుండి తొలగిపోయెను. అటుపిమ్మట ఉత్తర జర్మనీ, డెన్మార్కు తీరములనుండి ఆంగ్లులు, సాక్సనులు, జూటులు అను జాతులవారు సముద్రము దాటి వచ్చి ఆ ద్వీపపు తూర్పు, దక్షిణ భాగములందు నివాసము లేర్పరచుకొనిరి. వీరినే చరిత్రకారులు ఆంగ్లో-సాక్సను లందురు. ఇంగ్లండు అను పేరునకు మూలము ఆంగ్లుల పేరే. వారికి రూనులు అను అక్షరములు కలవు. వానిని కొయ్యపైనను, ఎముకపైనను, లోహముపైనను గీయుటయేగాని గ్రంథములు వ్రాయు వాడుక లేదు. 597లో రోమునుండి అగస్టీను అను మతగురువు కెంటు రాజ్యమునకు వచ్చి క్రైస్తవమును బోధించిన పిమ్మటనే అచట గ్రంథవిద్య వేరూనినది. బీడు అను మఠవాసి ఆ దేశపు క్రైస్తవసంఘ చరిత్రను వ్రాసి ముగించుట 731లో జరిగినది.

రోమనుల నిష్క్రమణమునకును, గ్రంథవిద్య వేరూనుటకును నడుమ గడచిన రెండువందల యేండ్లను చరిత్రకారులు 'చీకటి యుగము' అని పిలుచుచు వచ్చిరి. రోమనులు కట్టిన రాతి మేడలు పాడుపడెను. క్రొత్తగా వచ్చినవారు కొయ్యతో కట్టుకొన్న ఇండ్లు, సభామందిరములు ఏనాడో మట్టిలో కలిసిపోయినవి. కావున వారు కత్తి పట్టుటయు, నాగలి పట్టుటయు తప్ప వేరొక విద్య నెరుగని మోటువారని పెక్కుమంది తలచిరి. ఆనాటి వీరుల కథను చెప్పు 'బేవుల్ఫ్' అను ప్రాచీనాంగ్ల కావ్యము ఒకటి క్రీ. శ. 1000 ప్రాంతపు వ్రాతప్రతిలో నిలిచియున్నది. అందు రాజులు అనుచరులకు బంగారు కానుక లిచ్చుటయు, వరాహచిహ్నములు గల శిరస్త్రాణములను యోధులు ధరించుటయు, మరణించిన రాజును నిధులతో కూడ ఓడలో పరుండబెట్టి సాగనంపుటయు వర్ణితములై యున్నవి. ఈ వర్ణనలలో నిజమెంత, కవికల్పన యెంత అని తేల్చుటకు ఆధారము లేకపోయెను. ఆ ఆధారము భూగర్భమునుండి రెండుమార్లు బయటపడినది. మొదటిసారి 1939లో సటన్ హూ అను చోట. రెండవసారి 2009లో స్టాఫర్డ్‌షైరు మండలమున.

ఇంగ్లండు తూర్పు తీరమున సఫోకు మండలములో డెబెన్ అను నది యొడ్డున ఎత్తయిన మెట్టభూమి కలదు. దానిపై గడ్డి మొలిచిన మట్టిదిబ్బలు పెక్కు లుండెను. ఆ భూమికి యజమానురాలు ఎడిత్ ప్రెట్టీ అను వితంతువు. ఆ దిబ్బలలో నేమి కలదో తెలిసికొనవలెనని కోరి ఆమె ఇప్స్‌విచ్ పట్టణపు ప్రదర్శనశాలవారి ద్వారా బేసిల్ బ్రౌన్ అను నాతనిని 1938లో పనికి పెట్టుకొనెను. ఆయనకు జీతము వారమునకు 30 షిల్లింగులు.

బేసిల్ బ్రౌన్ పండ్రెండవ యేటనే బడి మానిన వ్యవసాయ కుటుంబీకుడు. పగలు పొలము పనులు, రాత్రులు పుస్తకములు - ఇదియే ఆయన విద్యాభ్యాసము. స్వయంకృషితో భాషలు నేర్చెను. ఖగోళశాస్త్రము నభ్యసించి నక్షత్రపటములను గూర్చి 1932లో ఒక గ్రంథము ప్రకటించెను. సఫోకు నేలయొక్క రంగును, తీరును ఆయన యెరిగినట్లు ఎరిగినవారు అరుదు. విశ్వవిద్యాలయపు పట్టము మాత్రము ఆయనకు లేదు.

1938లో త్రవ్విన మూడు దిబ్బలును పూర్వము దొంగలు కొల్లగొట్టినవే. 1939 మే నెలలో అన్నిటికంటె పెద్ద దిబ్బను త్రవ్వ నారంభించిరి. కొలదిదినములకే త్రుప్పుపట్టిన ఇనుప చీల యొకటి బయటపడెను. అది ఓడ పలకలను బిగించు చీల యని బ్రౌన్ వెంటనే గుర్తించెను. పార పక్కన బెట్టి, చిన్న పనిముట్లతోను కుంచెతోను మట్టిని తొలగించుచు పోగా, చీలలు వరుసలు వరుసలుగా తమ స్థానములలోనే యుండెను. కొయ్య యంతయు ఆమ్లగుణము గల ఇసుకలో కరిగిపోయినది. కాని పలకల గుర్తు ఇసుకలో మచ్చగా నిలిచినది. ఇట్లు 27 మీటరుల, అనగా సుమారు 90 అడుగుల, పొడవుగల ఓడ తన ఆకారమును మాత్రము మిగిల్చి కనబడెను. బ్రౌన్ తొందరపడి త్రవ్వియున్నచో ఇసుకలోని ఆ గుర్తు ఒక్క దినములో చెదరిపోయి యుండెడిది.

పూర్వము దొంగలు ఈ దిబ్బనుగూడ త్రవ్విరి. కాని దిబ్బ యొక అంచు కాలక్రమమున తెగిపోవుటచే దాని నడిమిభాగ మేదియో వారికి తెలియలేదు. వారు త్రవ్విన గొయ్యి నిధి గల గదికి చేరకయే నిలిచిపోయినది.

జూలై నెలలో కేంబ్రిడ్జికి చెందిన చార్లెస్ ఫిలిప్స్ త్రవ్వకమునకు నాయకత్వము వహించెను. జూలై 21న పెగ్గీ పిగట్ అను పరిశోధకురాలి చేతికి మొదటి బంగారు వస్తువు దొరకెను. ఓడ మధ్యనున్న గదినుండి మొత్తము 263 వస్తువులు వెలికివచ్చినవి. ఖడ్గము, డాలు, శిరస్త్రాణము, ఇనుప గొలుసు కవచము, వీణవంటి వాద్యము, వెండి గిన్నెలు, వంటపాత్రలు, పానపాత్రలు, బంగారు ఆభరణములు అందున్నవి. అస్థికలు మాత్రము కనబడలేదు. ఆ ఇసుకనేలలో ఎముకలుగూడ కరిగిపోవును. తోలుసంచిలోని 37 బంగారు నాణెముల తేదీలనుబట్టి ఈ సమాధి ఏడవ శతాబ్ది తొలిభాగమునకు చెందినదని నిర్ణయించిరి. ఈస్టు ఆంగ్లియా రాజైన రెడ్వాల్డు 624-625 ప్రాంతమున మరణించెను. సమాధి ఆయనదే యని పెక్కుమంది పండితుల అభిప్రాయము. ఈ రాజు క్రైస్తవము పుచ్చుకొనియు, ఒకే ఆలయమున క్రీస్తునకొక వేదికను, పాత దేవతలకొక వేదికను నిలిపెనని బీడు వ్రాసియున్నాడు. సమాధిలోని వస్తువులకును ఈ మాటకును పొందిక కలదు. ఓడలో పూడ్చుట పాత ఆచారము. వెండి చెంచాలపై గ్రీకు లిపిలో చెక్కిన పౌలు అను పేరు క్రొత్త మతమునకు సంబంధించినది.

ఈ సంపద యెవరిది? ఆనాటి ఆంగ్ల న్యాయము ప్రకారము, తిరిగి తీసికొను తలంపుతో దాచిన బంగారము దొరకినచో అది ప్రభుత్వమునకు చెందును. తిరిగి తీసికొను తలంపు లేక సమాధిలో నుంచినది భూస్వామికి చెందును. 1939 ఆగస్టు 14న విచారణ జరిపి, ఈ నిధి ఎడిత్ ప్రెట్టీదే యని తేల్చిరి. ఆమె కొలదిదినములలోనే దాని నంతటిని బ్రిటిషు మ్యూజియమునకు దానమిచ్చెను. తరువాత ప్రభుత్వము బిరుదు నీయజూపగా ఆమె వలదనెను. సెప్టెంబరు 3న బ్రిటను యుద్ధమున ప్రవేశించెను. నిధిని లండనులో భూగర్భ రైలుమార్గపు సొరంగమున దాచిరి. యుద్ధము ముగిసిన తరువాతనే అది ప్రజల కన్నులబడెను. ఆమె 1942లోనే మరణించియుండెను.

ఇక ఆ వస్తువుల పనితనమును చూడవలెను. నడికట్టు బిగించు బంగారు బకిలు పొడవు 13.2 సెంటీమీటరులు, తూకము సుమారు 412 గ్రాములు, అనగా పాత లెక్కను 35 తులములు. దాని ముఖమున 13 మృగముల శరీరములు ఒకదానిలో నొకటి పెనవైచికొని యుండును. తొలిచూపునకు త్రాళ్ల అల్లికవలె తోచును. నిదానించి చూచినచో ఒక కన్ను, ఒక దవడ, ఒక కాలు వేరువేరుగా బయటపడును. ఒక మృగము తల మరొక మృగము నడుమును కరచుచుండును. ఏ తీగ యెచట మొదలై యెచట ముగిసినదో తప్పక లెక్క సరిపోవును. ఇంత బరువు గలిగియు బకిలు లోపల గుల్లయే. వెనుకనున్న తలుపును మూడు గడియలు బిగించును.

భుజములపై ధరించు జోడు బిళ్లలు అంతకంటె ఆశ్చర్యకరములు. ఒక్కొక్కటి రెండు భాగములుగా నుండి, నడుమ కీలులో బంగారు సూది దూర్చుటచే కలిసికొనును. ఆ సూది పోకుండ సన్నని గొలుసుతో కట్టబడినది. వీనియందు ఎర్రని గార్నెటు రాళ్లు, పలురంగుల గాజు బిళ్లలు మెట్లు మెట్లుగా పొదుగబడినవి. బిళ్లల కొసలయందు రెండేసి అడవిపందులు ఒకదానిమీదుగా నొకటి నిలిచియున్నవి. వాని భుజములు, దంతములు, వెన్నుమీది జూలు రాళ్ల ముక్కలతోనే తీర్చబడినవి.

ఈ పొదుగుడు పని యెట్లు జరిగెనో పరిశోధకులు పరిశీలించి చెప్పియున్నారు. మొదట బంగారు పలకపై సన్నని బంగారు పట్టీలను అంచుపై నిలువబెట్టి, కోరిన ఆకారమునకు వంచి, టంకముతో అతికించుదురు. దానితో చిన్నచిన్న గదు లేర్పడును. గార్నెటును పలుచని బిళ్లలుగా అరగదీసి, ఒక్కొక్క బిళ్లను దాని గది కొలతకు సరిగా కోయుదురు. గార్నెటు గాజుకంటె గట్టిది. దానిని మెట్లవలెను, పుట్టగొడుగువలెను కోయుట బహుశ్రమ. గది యడుగున ముద్దవంటి పదార్థమును నింపి, దానిపై పలుచని బంగారు రేకు పరచి, ఆపైన రాతిని కూర్చుండబెట్టుదురు. ఆ రేకు నున్ననిది కాదు. దానిపై అతిసన్నని అడ్డుగీతలు నిలువుగీతలు అచ్చుతో ఒత్తబడి యుండును. రాతిలోనికి చొచ్చిన వెలుగు ఆ గీతలపై బడి ముక్కలుముక్కలుగా చెదరి తిరిగివచ్చుటచే రాయి నిప్పుకణికవలె మెరయును. రాతి యడుగున మెరుగురేకు పెట్టుట కుందనపు పని యెరిగిన తెలుగుదేశపు కంసాలులకు క్రొత్త కాదు. కాని ఆ రేకుపై ఒక్క మిల్లీమీటరులో పలు గీతలు పట్టునట్లు అచ్చు చెక్కిన చేతిని ఏమని పొగడవలెను? అది కొలిమి వెలుగులోను, పగటి వెలుగులోను చేసిన పని.

ఈ రాళ్ల పుట్టుక తెలిసికొనుట మరియొక వింత. ప్రతి గనియందలి రాతికి దాని రసాయనలక్షణ మొకటి యుండును. వానిని పోల్చిచూచిన శాస్త్రజ్ఞులు, అయిదు ఆరు శతాబ్దులలో ఐరోపాఖండమున వాడిన గార్నెటులలో చాలభాగము భారతదేశమునుండియు, సింహళమునుండియు సముద్రమార్గమున వెళ్లినవని తేల్చిరి. తరువాతి కాలమున ఆ రాక తగ్గిపోగా, నేటి చెకు దేశములోని బొహీమియా గనుల చిన్నరాళ్ల వాడుక హెచ్చెను. తెలంగాణములో కొత్తగూడెము ప్రాంతపు గరీబుపేట గుట్ట ప్రాచీనకాలమునుండి గార్నెటులకు నెలవు. తొలి బైజాంటియము కాలపు చెక్కడపు గార్నెటు ఒకదానిని పరీక్షించి, అది గరీబుపేట రాయియే యని పరిశోధకులు నిర్ణయించిరి. సటన్ హూ రాళ్లు ఈ గుట్టవని చెప్పరాదు గాని, తెలుగునేల రాయి మధ్యధరాసముద్రపు నగరములదాక పయనించినదనుట సత్యము. సటన్ హూ సమాధిలోనే బైజాంటియము చక్రవర్తి అనస్తాసియుసు ముద్రలు గల గొప్ప వెండిపళ్లెరము కలదు. ఆ చక్రవర్తి 491 మొదలు 518 వరకు ఏలెను. సంచిలోని నాణెములు ఫ్రాంకుల రాజ్యమున వేరువేరు టంకశాలలలో ముద్రితములైనవి. లోకమునకు దూరముగా చీకటిలో మ్రగ్గిరని తలచిన జనులకు ఇన్ని దేశములతో రాకపోకల ఫలము అందుచుండెను.

బంగారు పనికి తీసిపోనిది ఇనుప పని. ఆనాటి మేలిఖడ్గము ఒకే ఇనుపకడ్డీనుండి సాగగొట్టినది కాదు. పలు సన్నని కడ్డీలను కట్టగట్టి, కొన్నిటిని మెలిపెట్టి, కొన్నిటిని నిలువుగా నుంచి, బాగుగా కాల్చి సమ్మెటతో ఏకముగా గొట్టుదురు. అంచులకు గట్టి ఉక్కును అతికించుదురు. అరగదీసి మెరుగుపెట్టినపుడు కత్తి నడుమ మెలికలు, అలలు, పాము పొలుసులవంటి గీతలు తేలును. సటన్ హూ ఖడ్గము త్రుప్పుపట్టి ఒరకు అతుకుకొనిపోయినను, ఎక్స్-కిరణములతో తీసిన చిత్రములలో ఆ మెలికలు స్పష్టముగా కనబడినవి. కాలిన ఇనుపరంగును కంటితో చూచియే వేడిని కొలువవలెను. వేడి తక్కువైనచో అతుకు పట్టదు. ఎక్కువైనచో ఇనుము కాలిపోవును.

శిరస్త్రాణము 500కు మించిన ముక్కలుగా పగిలి దొరకెను. 1945-46లో హెర్బర్టు మేరియను వానిని కూర్చి ఒక రూప మొసగెను. అందు లోపములున్నవని తరువాత తేలుటచే, 1970-71లో నైజెలు విలియమ్స్ దానిని విడదీసి, మరల మొదటినుండి కూర్చెను. దాని ముఖభాగమున శిల్పి చూపిన యుక్తి చెప్పుకొనదగినది. మొదట మనుష్యముఖము కనబడును. చూడగా చూడగా ముక్కు దేహముగా, కనుబొమలు రెక్కలుగా, మీసము తోకగా పైకెగురు పక్షి యొకటి అందుండి లేచును. కనుబొమల చివరలను వరాహశిరస్సు లున్నవి. కావ్యమున వర్ణించిన వరాహచిహ్నము కవికల్పన కాదని ఇట్లు రుజువయ్యెను. ఒక కనుబొమ రాళ్లక్రింద బంగారు రేకు లుండగా, రెండవదాని రాళ్లక్రింద అవి లేవు. దీపపు వెలుగున ఒక కన్నే మెరయును. ఒంటికంటి దేవుడైన వోడెనును స్ఫురింపజేయుటకే ఇట్లు చేసియుందురని 2014లో కొందరు పండితులు సూచించిరి.

ఇట్టి పని చేసిన శిల్పికి సంఘమున ఎట్టి స్థానముండెను? క్రీ. శ. 600 ప్రాంతపు కెంటు రాజు ఎథెల్‌బర్టు శాసనములలో రాజుగారి కమ్మరిని చంపినవాడు చెల్లింపవలసిన పరిహారము ప్రత్యేకముగా పేర్కొనబడినది. వెసెక్సు రాజు ఇని 688 మొదలు 726 వరకు రాజ్యము చేసెను. ఒక ప్రభువు తన భూమిని విడిచి వేరొకచోటికి పోవునపుడు తనవెంట తీసికొనిపోదగినవారు ముగ్గురని ఆయన శాసనము చెప్పును: కార్యనిర్వాహకుడు, కమ్మరి, బిడ్డల దాది. లింకన్‌షైరులోని టాటర్సాల్ తోర్పు అను చోట 1981లో ఏడవ శతాబ్దపు లోహకారుని సమాధి యొకటి దొరకెను. అందు దాగలి, సుత్తెలు, పట్టకారులు, కత్తెరలు, ఆకురాళ్లు, కరగించుటకు కూడబెట్టిన పాతలోహపు ముక్కలు అతని ప్రక్కనే యుంచబడినవి. రాజునకు ఖడ్గమెట్లో అతనికి సుత్తె యట్లు. కాని ఆ సమాధిలోనివాని పేరు ఎవరికిని తెలియదు.

సటన్ హూ నిధి దొరకిన తరువాతను ఒక సందేహము మిగిలెను. అది ఒక రాజు సమాధి. రాజునకు మాత్రమే అట్టి వస్తువు లుండెనేమో! ఈ సందేహమునకు సమాధానము 70 ఏండ్లకు వచ్చినది. 2009 జూలై 5న స్టాఫర్డ్‌షైరులో హామర్‌విచ్ గ్రామము వెలుపల, దున్నిన పొలములో, లోహములను పసిగట్టు యంత్రముతో వెదకుచున్న ఒక వ్యక్తికి బంగారు ముక్కలు దొరకెను. ఆయన వానిని కరగించి అమ్ముకొనక అధికారులకు తెలిపెను. త్రవ్వి తీయగా అచట లభించినవి సుమారు 4,600 ముక్కలు. అందు బంగారమే 4 కిలోల వరకు కలదు. వెండియు, వేలకొలది గార్నెటులును కలవు. ఆంగ్లో-సాక్సనుల బంగారము ఇంతగా ఒక్కచోట అంతకుముందు ఎన్నడును దొరకలేదు.

అందు స్త్రీల నగలు లేవు, నాణెములు లేవు. ఉన్నవి ఖడ్గముల పిడులనుండి ఊడదీసిన బంగారు తొడుగులు, పిడికొసల గుబ్బలు, శిరస్త్రాణపు ముక్కలు, మడిచివేసిన సిలువలు. గుబ్బలే 70కి పైగా కలవు. ఇనుపకత్తి యొక్కటియు లేదు. బంగారమును మాత్రము ఊడ్చుకొని కత్తులను వేరుగా నుంచుకొనిరి. కొన్ని తొడుగులపై ఊడదీసిన పనిముట్ల గాట్లు నేటికిని కనబడుచున్నవి. ఈ వస్తువులు ఆరవ శతాబ్ది మధ్యనుండి ఏడవ శతాబ్ది మధ్యవరకు చేయబడినవి. 650-675 ప్రాంతమున పాతిపెట్టబడినవి. ఆ నేల అప్పుడు మెర్షియా రాజ్యమున నుండెను. మెర్షియా రాజు పెండా పొరుగు రాజ్యములతో పోరి, 655లో నార్తంబ్రియా రాజు ఆస్వీ చేత హతుడయ్యెను. ఇది అట్టి యుద్ధములలో ఓడినవారినుండి దోచిన సొమ్మని చాలమంది తలచుచున్నారు. ఒక పట్టీపై, శత్రువులు చెదరిపోవలెనని దేవుని వేడు బైబిలు వాక్యము లాటినులో చెక్కియున్నది. దానినిగూడ మడిచియే పాతిపెట్టిరి.

ఈ పగిలిన ముక్కలే శిల్పుల రహస్యములను ఎక్కువగా బయటపెట్టినవి. చెడని వస్తువును విప్పి చూడ వీలులేదు; విరిగినదానిలో లోపలి పని కనబడును. మిల్లీమీటరుకంటె సన్నని బంగారు తీగలను మెలిపెట్టి, రెండేసి ప్రక్కప్రక్కన అతికించి, జడవలె తీర్చిన తీగపని అందు కలదు. కరీంనగరపు వెండి తీగపనిని చూచినవారు ఆ కష్టమును ఊహింపగలరు. మరియొక సంగతి. వెండి కలిసిన బంగారముతో చేసిన వస్తువుల పైపొరనుండి వెండిని తొలగించి, పైకి మేలిమి రంగు వచ్చునట్లు చేసిరి. లోపలి బంగారపు వన్నెకును పైపొర వన్నెకును తేడాయున్నదని పరీక్షలలో తేలినది. 1350 ఏండ్లు ఎవరికిని తెలియకుండిన కిటుకు ఇది. దాపరికము గలదైనను, లోహ స్వభావమును బాగుగా నెరిగిన విద్య. ఒకే రాజు శిల్పి ఇన్ని ఖడ్గములను అలంకరించి యుండడు. పెక్కు కొలుములలో, పెక్కు చేతులలో, పలు తరములు ఈ విద్య వర్ధిల్లెననుటకు స్టాఫర్డ్‌షైరు నిధియే సాక్ష్యము.

2009 నవంబరులో దీని వెల 32 లక్షల 85 వేల పౌండ్లని నిర్ణయించిరి. ఆ సొమ్ము భూమి యజమానికిని, కనుగొన్నవానికిని సమముగా చెందవలెను. బర్మింగ్‌హాము, స్టోకు పట్టణముల ప్రదర్శనశాలలు కలిసి కొనదలచినవి గాని అంత ధనము వానియొద్ద లేదు. అప్పుడు ప్రజలను అర్థించిరి. నిధిని చూచుటకు జనులు గంటలకొలది వరుసలలో నిలిచిరి. చూచినవారు తమకు తోచినంత ఇచ్చిరి. ప్రజల చందాలే సుమారు 9 లక్షల పౌండ్లయినవి. మిగిలినది సంస్థలు, ప్రభుత్వనిధులు సమకూర్చినవి. 2010 మార్చిలో గడువునకు ముందే సొమ్ము పూర్తియై, నిధి ఆ ప్రాంతపు ప్రజల సొత్తయ్యెను.

ఈ వృత్తాంతమును మొదటినుండి చూచినచో ఒక విషయము స్పష్టమగును. ఆంగ్లో-సాక్సను రాజుల కోటలు లేవు, సభామందిరములు లేవు. వారి యుద్ధములలో పెక్కింటి పేర్లుగూడ నిలువలేదు. వారి కాలమునకు చీకటి యను నిందను తొలగించినది రాజులు కాదు, వారి కొలువున సుత్తె పట్టిన పనివారు. వారొక్క అక్షరమైనను వ్రాయలేదు. వారి పనియే వారి వ్రాత. ఆ వ్రాత నేడు చదువుటకు దొరకినదన్నచో దానికి కారకులుగూడ సామాన్యులే. పుస్తకములు చదివి విద్య గడించిన పొలముబిడ్డ ఇసుకలో మచ్చను చూచి పార ఆపెను. తనదని న్యాయము చెప్పిన బంగారమును ఒక గృహిణి అందరిదిగా చేసెను. పొలములో దొరకిన ముక్కను ఒకడు కరగించక చూపెను. ఊరిజనులు కొలదికొలదిగా కూర్చిన సొమ్ముతో అది ఊరియందే నిలిచెను.

బంగారము ఏనాటికైనను మరల మూసలో కరగును. చక్కని ఖడ్గపు పిడులు ఎన్ని కరగి నాణెములైనవో, నాణెములు ఎన్ని కరగి పిడులైనవో లెక్క లేదు. కరగక మిగిలినది కొంచెము. ఆ కొంచెములోనే పేరు తెలియని పనివాని చేతి నేర్పు పదమూడు శతాబ్దుల తరువాతను చెక్కుచెదరక కనబడుచున్నది. దానిని కాపాడుట తరువాతివారి వంతు.